హంటింగ్టన్ ఇంట్లో రాత్రి ఎందుకు తెల్లారదు?

సంపాదకులకు నమస్కారం.

నిద్ర మీద పత్రికల్లో, టీవీల్లో వచ్చే సలహాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. పడుకునే ముందు ఫోను పక్కన పెట్టండి, గోరువెచ్చని పాలు తాగండి, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి. ఒళ్లు బాగుండి, అలవాట్లతో నిద్ర పాడుచేసుకున్నవాళ్లకు ఇవి చాలు. నిద్రను నడిపించే మెదడు భాగమే అరిగిపోతున్న మనిషికి చాలవు. ఒక్కోసారి బెడిసికొడతాయి కూడా. హంటింగ్టన్ అనే వంశపారంపర్య మెదడు జబ్బున్న రోగికి గుటక సరిగా పడదు, ఆ గోరువెచ్చని పాలనే వెల్లకిలా పడుకోబెట్టి పట్టిస్తే కడుపులోకి పోవాల్సినవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ జబ్బున్న కుటుంబాల రాత్రుల గురించి, అక్కడ నిజంగా పనికొచ్చే సంగతుల గురించి రాస్తున్నాం. ఉత్తరం పొడుగైనందుకు మన్నించాలి.

ముందు వ్యాధి గురించి నాలుగు మాటలు. 1872లో జార్జ్ హంటింగ్టన్ అనే అమెరికన్ డాక్టరు దీన్ని వివరంగా రాశాడు, అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. జన్యువు దొరికింది మాత్రం 1993లో. నాలుగో క్రోమోజోము మీది ఆ జన్యువులో సి.ఎ.జి. అనే మూడక్షరాల ముక్క వరసగా ఎన్నిసార్లు వచ్చిందన్నదే లెక్క. 26 దాకా మామూలు. 36 నుంచి 39 మధ్య ఉంటే కొందరికి జబ్బు వస్తుంది, కొందరికి రాదు. 40, ఆపైన ఉంటే నిండు ఆయుష్షు బతికినవాళ్లకు రావడం ఖాయం. తల్లికో తండ్రికో ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మన ఊళ్లలో ‘మేనరికం చేసుకున్నారు, అందుకే’ అని రెండు వైపుల చుట్టాలూ ఒకరినొకరు ఆడిపోసుకుంటారు. ఈ జబ్బుకు మేనరికంతో పని లేదు. ఒక్క వైపు నుంచి వచ్చిన జన్యువు చాలు. ఎక్కువమందికి 30 నుంచి 50 ఏళ్ల మధ్య బయటపడుతుంది. చేతులు, కాళ్లు, మొహం వాటంతటవే మెలికలు తిరుగుతూ కదలడాన్ని డాక్టర్లు కొరియా అంటారు. దేశం పేరు కాదు, నాట్యం అనే అర్థమున్న గ్రీకు మాట అది.

ఆ కదలికలు అందరికీ కనిపిస్తాయి కాబట్టి డాక్టరు దగ్గర మాటలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. నిద్ర మాట వచ్చేసరికి టైం అయిపోతుంది. నిజానికి నిద్ర చెడడం చాలామందిలో కదలికలు బాగా కనిపించడానికి ముందే మొదలవుతుంది. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగముంది. ఆకలి, ఒంటి వేడి, నిద్ర వేళలు దాని చేతిలో ఉంటాయి. శరీరపు గడియారం ఉన్నదీ అందులోనే. హంటింగ్టన్ దాన్నీ తినేస్తుంది. చీకటి పడ్డాక ‘ఇక పడుకో’ అని ఒంటికి చెప్పే హార్మోను మెలటొనిన్. తొలి దశ రోగుల్లో అది పెరగడం గంటన్నరకు పైగా ఆలస్యమైనట్టు నెదర్లాండ్స్‌లో కొలిచి చూశారు. చూసింది కొద్దిమందినే అయినా ఇళ్లలో కనిపించే దానితో అది సరిపోతుంది. పదింటికి పడుకోబెడితే పన్నెండుకు గానీ కన్నంటుకోదు, పొద్దున పదకొండైనా లేవబుద్ధి కాదు. పట్టిన నిద్ర కూడా ముక్కలు ముక్కలు. గాఢనిద్ర తగ్గుతుంది, కలల నిద్ర తగ్గుతుంది, మధ్యమధ్య మెలకువలు పెరుగుతాయి.

‘నిద్రలో కదలికలు ఆగిపోతాయి కదా’ అని చాలామంది అనుకుంటారు, కొందరు డాక్టర్లు సైతం. గాఢనిద్రలో తగ్గే మాట నిజమే. కునుకు పట్టే తేలిక దశలోనూ, మెలకువ వచ్చి మళ్లీ పడుకునే సందుల్లోనూ ఉంటాయి. గాఢనిద్రే తక్కువైనవాడికి ఆ సందులే ఎక్కువ. పొద్దున దుప్పటి చూస్తే తెలిసిపోతుంది. తాడులా పేనుకుపోయి కాళ్ల దగ్గర ముద్దగా పడి ఉంటుంది, దిండు గదిలో ఇంకో మూల ఉంటుంది, మడమల మీద చర్మం లేచిపోయి ఉంటుంది. అయినా ‘రాత్రి నిద్ర పట్టిందా’ అని అడిగితే రోగి ‘ఆఁ, బాగానే పడుకున్నా’ అంటాడు. అబద్ధం చెప్పడం కాదు. తన కదలికలు, తన కోపం, తన మెలకువలు తనకు తెలియకపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. అందుకే నిద్ర గురించి రోగిని ఒక్కణ్నే అడిగి రాసుకుంటే సగం తప్పు రాసుకున్నట్టే. పక్కన పడుకునే మనిషిని అడగాలి.

అడగడం కన్నా రాసి చూపడం ఇంకా మేలు. ఒక పొడుగాటి నోటుబుక్కు తీసుకుని వరసగా 14 రాత్రులు రాయండి. పడక ఎక్కిన వేళ, కన్నంటుకున్న వేళ, మధ్యలో లేచిన ప్రతిసారీ వేళ, ఎందుకు లేచాడు, ఎంతసేపు మేలుకున్నాడు, పొద్దున లేచిన వేళ, పగటి కునుకులు, ప్రతి మాత్రా వేసిన వేళ, ఆఖరి టీ, ఆఖరి తిండి. ఇంతకన్నా అక్కర్లేదు. ‘రాత్రి 9.40 పడక. 10.50కి నిద్ర. 1.15కి లేచాడు, ఆకలి, రెండు అరటిపళ్లు. 2కి పడుకున్నాడు. 4.10కి వరండాలో నడక. పగలు 11 నుంచి 1 దాకా కునుకు.’ ఇలాంటి పంక్తులు నాలుగు చూస్తే చాలు, తెలిసిన డాక్టరు మందు పేరు రాసే ముందు రెండు సంగతులు పట్టుకుంటాడు. మనిషి రాత్రి ఆకలితో లేస్తున్నాడు, పగలు రెండు గంటలు నిద్ర తీర్చుకుంటున్నాడు. ఈ రెంటికీ నిద్రమాత్ర జవాబు కాదు. దానికి తోడు రాత్రి ఫోనులో రెండు నిమిషాల వీడియో తీసి పెట్టుకోండి. కలలో తన్నుతున్నాడా, మెలకువతో దొర్లుతున్నాడా, కాలు ఒకే తీరున అర నిమిషానికోసారి ఎగురుతోందా అన్నది మాటల్లో చెప్పలేం, చూస్తే తేలిపోతుంది.

చేతి స్మార్ట్ వాచీ చూపే నిద్ర లెక్కల్ని మాత్రం ఈ జబ్బులో నమ్మకండి. అది కదలికను బట్టి నిద్రనూ మెలకువనూ ఊహిస్తుంది. కొరియా ఉన్న చేతికి కట్టినప్పుడు నిద్రపోతున్నా ‘మెలకువ’ అని చూపిస్తుంది, మంచం మీదే వేల అడుగులు నడిపిస్తుంది.

ఇక మాత్రలు. చాలా ఇళ్లలో రాత్రి చెడడానికి సగం కారణం మందు కాదు, మందు వేసే వేళ.

కదలికలు తగ్గించడానికి మన దగ్గర ఎక్కువగా రాసేది టెట్రాబెనజిన్. 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారానికోసారి కొద్దికొద్దిగా పెంచుతూ, రోజుకు రెండు మూడు వేళలకు పంచుతారు. కొందరిని ఇది పగలంతా మత్తులో ముంచుతుంది. మధ్యాహ్నం మాత్ర వేసుకుని మూడు గంటలు పడుకున్న మనిషికి రాత్రి నిద్ర ఎక్కణ్నుంచి వస్తుంది? ఇంకొందరికి ఇదే మందు నిద్ర లేకుండా చేస్తుంది. అది ఎందుకో తెలుసుకోవడం ముఖ్యం. ఈ మందు మోతాదు ఎక్కువైతే అకథీసియా అనే స్థితి రావచ్చు. కూర్చుంటే కూర్చోలేడు, పడుకుంటే పడుకోలేడు, ‘లోపల ఏదో పీకుతోంది’ అంటాడు, లేచి నడిస్తే కాస్త ఊరట. ఇంట్లోవాళ్లకు అది జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది. మోతాదు పెంచమని డాక్టరును అడుగుతారు. పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. గుర్తుపట్టే తీరు ఇదీ. కొరియా కదలికలకు అర్థం పర్థం ఉండదు, కదలాలన్న కోరిక మనిషికి ఉండదు. అకథీసియాలో కదలాలన్న తహతహ మనిషిదే, అది పగలూ రాత్రీ ఉంటుంది, మోతాదు పెంచిన కొద్ది రోజుల్లోనో వారాల్లోనో మొదలై ఉంటుంది. సాయంత్రం పొద్దుగూకాక, పడుకున్నప్పుడు మాత్రమే కాళ్లలో జివజివ లాగుతూ కదిపితే తగ్గుతుంటే అది మూడో రకం, రెస్ట్‌లెస్ లెగ్స్. దానికి ముందు చేయాల్సింది రక్తంలో ఫెరిటిన్ పరీక్ష. ఇనుము నిల్వ తక్కువగా ఉంటే, ముఖ్యంగా 75 లోపు ఉంటే, ఇనుము ఇవ్వడమే మొదటి వైద్యం.

టెట్రాబెనజిన్ వాడుతున్నవాళ్లకు దిగులు కోసం ఫ్లూఆక్సిటిన్ గానీ, పారాక్సిటిన్ గానీ మొదలుపెడితే లివరులో టెట్రాబెనజిన్ విరగడం తగ్గి ఒంట్లో దాని పాళ్లు పెరుగుతాయి. పాత మోతాదే రెట్టింపు పని చేసినట్టు అవుతుంది. అప్పుడు టెట్రాబెనజిన్‌ను దాదాపు సగానికి తగ్గించాలి, రోజుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదు. నరాల డాక్టరు ఒక చీటీ, మానసిక వైద్యుడు ఇంకో చీటీ రాసే చోట ఇది సులువుగా తప్పిపోతుంది. రెండు చీటీలూ ఒకే కవర్లో పెట్టి ఇద్దరికీ చూపండి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్‌ను కూడా ఈ మందుతో కలపకూడదు. అది కూడా అదే అశాంతిని పెంచుతుంది. మాత్ర పేరు తెలియకుండా ‘వాంతుల బిళ్ల ఇవ్వండి’ అని షాపులో అడగొద్దు.

దిగులుకు వాడే ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రాలిన్ లాంటివి పొద్దున టిఫిన్ తర్వాత వేయాలి, రాత్రి కాదు. కదలికలకు అమాంటడిన్ రాసి ఉంటే రెండో మోతాదు మధ్యాహ్నంలోపే అయిపోవాలి, సాయంత్రం వేస్తే అర్ధరాత్రి దాకా కళ్లు మూతపడవు. మత్తు తెచ్చే మందుల్ని రాత్రికి జరపాలి. ఉదాహరణకు ఓలాంజపిన్ కదలికలకూ, చిరాకుకూ పని చేస్తుంది, ఆకలి పెంచుతుంది, నిద్ర తెస్తుంది. అదే మాత్రను పొద్దున వేస్తే ఆ నిద్ర పగలు వస్తుంది. రాత్రి 2.5 లేక 5 మిల్లీగ్రాములతో డాక్టర్లు మొదలుపెడతారు. చక్కెర, బరువు చూస్తూ ఉండాలి. బరువు పెరగడం మామూలు జనానికి దుష్ఫలితం, ఈ రోగికి చాలాసార్లు వరం. నిద్రలేమి, దిగులు, బరువు తగ్గడం మూడూ ఉన్నవాళ్లకు మిర్టజపిన్ కూడా అలాంటిదే. 7.5 నుంచి 15 మిల్లీగ్రాముల చిన్న మోతాదులోనే నిద్ర బాగా తెస్తుంది, పెంచిన కొద్దీ ఆ గుణం తగ్గుతుంది. కాళ్ల జివజివ ఉన్నవాళ్లకు అది పడకపోవచ్చు. మెలటొనిన్ 3 మిల్లీగ్రాములు పడుకునే వేళకు గంట, రెండు గంటల ముందు ఇచ్చి చూడొచ్చు. హాని తక్కువ, పెద్ద రుజువు లేదు. దీని పని జోకొట్టడం కాదు, ఆలస్యమైన ఒంటి గడియారాన్ని ముందు వేళకు జరపడం. అందుకే పక్క ఎక్కాక ఇస్తే అంతగా పని చేయదు, రోజుకో వేళకు ఇచ్చినా పని చేయదు.

నిద్రమాత్రలుగా వాడే ఆల్ప్రజోలం, జోల్పిడెం గురించి గట్టిగా చెప్పాలి. ఈ రెండూ 2014 నుంచి మందుల అమ్మకం నియమాల్లోని హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మినట్టు షాపువాడు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. జరిగేది మీకూ తెలుసు, మాకూ తెలుసు. హంటింగ్టన్ రోగికి అసలే తూలుడు, అసలే గుటక సరిగా పడదు. అర్ధరాత్రి మందు మత్తులో మూత్రానికి లేస్తే తల పగులుతుంది, మత్తులోనే లాలాజలం గొంతులోకి జారితే నిమోనియా వస్తుంది. కలలో లేచి కొట్టుకునే వాళ్లకు క్లోనజెపాం చిన్న మోతాదులో రాయడం ఉంది, అది వేరే సంగతి. దానికీ ఇవే ప్రమాదాలు ఉంటాయని తెలిసి రాస్తారు. నెలల తరబడి ఇలాంటి మాత్ర వేసుకుంటున్నవాళ్లు ఈ ఉత్తరం చదివి ఒక్కరోజులో మానేయకండి. ఫిట్స్ రావచ్చు. వారాల మీద మెల్లగా తగ్గించాలి.

పడక సంగతికి వద్దాం. దీని గురించి ఆసుపత్రిలో చెప్పేవాళ్లు తక్కువ.

మన ఇళ్లలో పట్టెలున్న నవారు మంచం గానీ, తలవైపు చెక్కపని చేసిన డబుల్ కాట్ గానీ ఉంటుంది. రెండూ ఈ రోగికి పనికిరావు. నవారు మంచం మధ్యలో గుంట పడుతుంది, కదిలే కాలు ప్రతిసారీ పట్టెకు కొట్టుకుంటుంది. డబుల్ కాట్ మీద తల వెళ్లి చెక్కకు తగులుతుంది. పక్కన కమ్మీలు బిగిస్తే దొర్లి పడడు కదా అనుకుంటారు. వాటి సందుల్లో చేయి, మెడ ఇరుక్కుంటాయి. ఇంకా నడవగలిగిన మనిషైతే వాటిని ఎక్కి దూకబోయి మరింత ఎత్తు నుంచి పడతాడు. కదలికలు ఎక్కువున్నవాళ్లకు మంచిది నేల మీదే గట్టి పరుపు, లేదా 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున్న చెక్క అరుగు మీద పరుపు. పరుపు రెండు వైపుల గోడలకు ఆనేలా గది మూలకు జరిపి, ఆ గోడలకు మూడడుగుల ఎత్తు దాకా మందపాటి ఫోం షీటు బిగించండి. తెరిచి ఉన్న వైపు నేల మీద ఇంకో పలుచటి పరుపు పరవండి. పరుపుకూ గోడకూ మధ్య సందు వదలకూడదు, చేయి అందులోకే పోతుంది. నేల పరుపు మీంచి రోగిని లేపడం చూసుకునేవాళ్ల నడుముకు భారం. నడక బొత్తిగా పోయిన దశలో ఎత్తు మార్చే ఆసుపత్రి మంచం వేసి, రాత్రి పూర్తిగా కిందికి దించి ఉంచడం మేలు. దాని కమ్మీలకూ మెత్తలు కట్టాలి.

దుప్పటి విడిగా కప్పితే చుట్టుకుపోతుంది. అంచుల్లో ఎలాస్టిక్ ఉన్న బెడ్‌షీటు పరుపుకు తొడగండి. కప్పుకోవడానికి దుప్పటి బదులు చేతుల్లేని కాటన్ బనీను, వదులు పైజామా ఇవ్వండి. లుంగీ కాళ్లకు చుట్టుకుంటుంది, లేచేటప్పుడు పడేస్తుంది. చాలామంది ఈ రోగులకు ఉక్క ఎక్కువ, చెమట ఎక్కువ. ఇంట్లో అందరికీ చలేస్తున్నా వాళ్లకు ఫ్యాను కావాలి. గురకపెట్టే అలవాటు ఈ జబ్బులో మామూలు జనంలో కన్నా ఎక్కువేమీ కాదు. అయినా గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు కనిపిస్తే రాత్రి నిద్ర పరీక్ష చేయించాలి. ఆ పరీక్షలో అంటించే తీగలు కదలికలకు ఊడిపోతాయని ముందే చెప్పి, రోగితో ఒక ఇంటిమనిషిని గదిలో ఉండనివ్వమని అడగండి.

దోమతెర కట్టకండి. రాత్రి కాలు దాంట్లో చిక్కుకుంటే బయటికి తీసుకోలేక పోరాడతాడు, మంచం కింద మడిచిన తెర ఊడి మెడకు చుట్టుకుంటుంది. కిటికీలకు జాలీ కొట్టించండి. దోమల కాయిల్ నేల మీద వెలిగించే అలవాటుంటే నేల పరుపు వేసిన రోజే దానికి స్వస్తి చెప్పాలి. ఒక్క తన్నుకు అది పరుపు మీదికి వస్తుంది. బీడీ, సిగరెట్టు కూడా అంతే. ఈ రోగుల్లో కొందరికి పొగ మీద యావ పెరుగుతుంది, రాత్రి లేచి తాగుతారు. అగ్గిపెట్టె చూసుకునేవాళ్ల దగ్గరే ఉండాలి. కాల్చినా పక్క మీద కాకుండా, బయట, ఇంకొకరి ఎదుట. పడక నుంచి బాత్రూం దాకా నేలకు దగ్గరగా సన్నటి దీపం పెట్టండి, దారిలో డోర్‌మ్యాట్, స్టూలు, వైరు ఏవీ ఉండకూడదు.

తిండి. కదలికలు ఎక్కువున్న రోగికి బరువు నిలవడానికే కొందరికి రోజుకు 4,000 కేలరీల వరకూ కావాలి, శారీరక శ్రమ చేసే మనిషి కన్నా ఎక్కువ. రాత్రి ఎనిమిదింటికి అన్నం తిని పడుకుంటే ఒంటిగంటకు ఆకలి లేపుతుంది. ఇంట్లోవాళ్లు అది చూసి ‘తిండి పిచ్చి’ అంటారు. పడుకునే వేళకు గంటో, గంటన్నరో ముందు ఇంకో చిన్న తిండి పెట్టండి. మీగడతో చేసిన మెత్తటి పెరుగన్నం, నెయ్యి వేసిన చిక్కటి రాగి సంకటి, మెదిపిన అరటిపండు. చిక్కగా ఉండాలి. నీళ్లు, పలుచటి మజ్జిగ, పాలు గొంతులో వేగంగా జారి శ్వాసనాళంలోకి పోతాయి, చిక్కటిది మెల్లగా దిగుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో, టీవీ కట్టేసి పెట్టండి. తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టొద్దు. వారానికోసారి ఒకే తూకం మీద, ఒకే వేళకు బరువు చూసి నిద్ర పుస్తకంలోనే రాయండి. నెలలో రెండు కిలోలు తగ్గిన మనిషి రాత్రుళ్లు ఎందుకు లేస్తున్నాడో వేరే చెప్పనక్కర్లేదు. టీ, కాఫీ మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. మన దగ్గర ‘సాయంత్రం నాలుగింటి టీ’ వదిలించడం మాటలు కాదని తెలుసు, టీపొడి, కాఫీపొడి లేని అల్లం కషాయంతో సర్దిచెప్పండి.

గడియారం చెడిందన్నాం కదా, దాన్ని రోజూ సరిచేసేది వెలుతురే. ఎన్నింటికి పడుకున్నా, పొద్దున ఒకే వేళకు లేపండి. ఏడింటికి అనుకుంటే ఆదివారం కూడా ఏడే. లేచిన గంటలో అరగంట డాబా మీదో, వాకిట్లోనో ఎండలో కూర్చోబెట్టండి. ట్యూబులైటు వెలుతురు దానికి సాటి రాదు. పగలు కునుకు మధ్యాహ్నం మూడింటి లోపు అరగంటకు మించనివ్వకండి, అలారం పెట్టుకోండి. ఫిజియోథెరపీ, నడక, స్నానం, గడ్డం గీసుకోవడం అన్నీ మధ్యాహ్నం దాకా పెట్టుకుంటే పగలు మెలకువ నిలుస్తుంది. సాయంత్రం ఏడు తర్వాత గదిలో పెద్ద దీపాలు ఆర్పేయండి. చేయాల్సిన ముచ్చట, తేల్చాల్సిన గొడవ పడక వేళకు తేవద్దు. ఈ రోగులకు ఒక మాట పట్టుకుంటే వదలరు, రాత్రి పదింటికి మొదలైన ‘నా బండి తాళం ఏది’ ఒంటిగంట దాకా నడుస్తుంది. దానికి వాదన మందు కాదు. తాళం చూపించి, చేతికిచ్చి, పక్కన కూర్చోవడమే. (బండి నడపకుండా దాని ప్లగ్గు ముందే తీసి పెట్టుకోండి.)

ఇన్నాళ్లూ ఒక తీరున పడుకుంటున్న మనిషి ఉన్నట్టుండి రెండు మూడు రాత్రులు అరుస్తూ, దొర్లుతూ ఉంటే అది హంటింగ్టన్ ముదరడం అని వెంటనే అనుకోవద్దు. జబ్బు ముదిరేది నెలల మీద, రెండు రాత్రుల్లో కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, పుచ్చిపన్ను, వెనక భాగంలో పడ్డ పుండు, కొత్త మందు, మర్చిపోయిన మందు, ఈ మధ్య తల తగిలేలా పడి మెదడు మీద మెల్లగా పేరుకుంటున్న రక్తం, ఇవీ ముందు చూడాల్సినవి. చివరిదానికి సీటీ స్కాన్ కావాలి, ఆలస్యం చేయకూడదు. నిద్ర లేకుండా పోవడంతో పాటు ‘నేనుండి ఏం లాభం’ అన్న మాటలు వినిపిస్తే అదీ అత్యవసరమే. ఈ వ్యాధిలో ఆత్మహత్య ముప్పు ఎక్కువ. టెట్రాబెనజిన్ దిగులును పెంచగలదు కాబట్టి ఆ రోజే డాక్టరుకు ఫోను చేయాలి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంట్లో ఇంకో వరసవాళ్లూ నిద్రపోవడం లేదు. జబ్బు తండ్రి పక్క గదిలో పడుకునే పాతికేళ్ల కొడుకు, పెళ్లీడు కూతురు. ఒక రాత్రి నిద్ర పట్టకపోతే ‘నాకూ మొదలైందా’ అని అద్దంలో వేళ్లు చూసుకుంటారు. నిద్ర పట్టకపోవడానికి వెయ్యి కారణాలు. భయం ఒక్కటే చాలు. నిద్రను బట్టి ఎవరికి జన్యువు ఉందో చెప్పలేం. తేలేది రక్త పరీక్షతోనే, అది చేయించుకోవాలా వద్దా అన్నది 18 ఏళ్లు నిండిన వాళ్ల సొంత నిర్ణయం. పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలి. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది, బెంగళూరులో నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. ల్యాబుకు నేరుగా రక్తమిచ్చి కాగితం వాట్సాప్‌లో తెప్పించుకోవడం వద్దు. పెళ్లి సంబంధం వాళ్లు అడిగారని ఇంకా వద్దు.

చూసుకునే మనిషి, ఎక్కువ ఇళ్లలో భార్య, లేదా తల్లి. మనం చెప్పిన ఈ జాగ్రత్తలన్నీ ఆవిడ మీదే పడతాయి. రోజూ నాలుగుసార్లు లేచే మనిషి నెలరోజుల్లో మాత్రల వేళలు తప్పడం మొదలవుతుంది. వారంలో కనీసం రెండు రాత్రులు ఆవిడ వేరే గదిలో, తలుపేసుకుని, చెవిలో దూది పెట్టుకుని పడుకోవాలి. ఆ రెండు రాత్రులూ మరిది గానీ, అన్న గానీ, డబ్బులిచ్చి పెట్టుకున్న మనిషి గానీ ఉండాలి. అవి ఏ రాత్రులో ముందే క్యాలెండరులో రాసుకుంటేనే జరుగుతుంది, ‘కుదిరినప్పుడు చూద్దాం’ అంటే జరగదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 దీర్ఘకాలిక నరాల వ్యాధుల్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. వైకల్య సర్టిఫికెట్టు కోసం వెళ్లినప్పుడు రాత్రి లెక్కలున్న ఆ నోటుబుక్కునూ మెడికల్ బోర్డు ముందు పెట్టండి. ఉదయం పదకొండింటికి కుర్చీలో కాసేపు బాగా కూర్చున్న మనిషిని చూసి రాసే వైకల్య శాతానికి, రాత్రి రెండింటికి ఉండే అసలు స్థితికి చాలా తేడా ఉంటుంది.

నరాల డాక్టర్లను మేం కోరేది ఒకటే. ఓపీలో మీకు దొరికేది అయిదు నిమిషాలే అయినా, పక్కన నిలబడ్డ మనిషి వైపు తిరిగి ‘రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడు, ఎందుకు’ అని అడగండి, పాత చీటీలోని మాత్రల పక్కన వేళలు రాయండి. ‘రోజుకు మూడు’ అని కాకుండా ‘పొద్దున 8, మధ్యాహ్నం 1, రాత్రి 8’ అని. సంపాదకులకు మా విన్నపం, మీ ఆరోగ్యం పేజీలో ఈసారి నిద్ర చిట్కాలు వేసినప్పుడు కింద చిన్న అక్షరాల్లోనైనా ఈ రెండు వాక్యాలు వేయండి: గుటక సరిగా పడనివాళ్లకు పడుకోబెట్టి పాలు పట్టొద్దు. నరాల వ్యాధి ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా నిద్రమాత్ర కొనొద్దు.

ఇట్లు,
హంటింగ్టన్ కుటుంబాలతో పనిచేస్తున్న నర్సులు, ఫిజియోథెరపిస్టులు,
హైదరాబాద్